ఆటస్థలముల పోషణకు ప్రజాధనము

(సంఘ మాసిక సమావేశమున కార్యవర్గము పక్షమున చదువబడిన ప్రసంగ పాఠము)



భాషాసంఘ వేదికపై ఆటస్థలముల ప్రసంగమేలయని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నించిరి. బడులు, గ్రంథాలయములు, జనాభా లెక్కలలో మాతృభాష నమోదు, ఇవి మన పనులు గాని బంతియాటతో మనకేమి సంబంధమని వారి సందేహము. సందేహము న్యాయమైనదే. దానికి మా సమాధానమును ముందుగనే మనవి చేసికొందుము. ఈ చెన్నపురిలో మన పిల్లలు తెలుగున మాటలాడుకొను తావులు ఏటేట తగ్గుచున్నవి. బడిలో తెలుగు గంట అనేకులకు లేదు. ఇంటిలో సగము ప్రొద్దు సెల్‌ఫోను పాలు. సాయంకాలము మైదానమున మాత్రము మన పిల్లవాడు ఎదుటి జట్టువానితో తమిళమున వాదించి, తన జట్టువానిని తెలుగున కేకవేయును. ప్రక్కయింటి తమిళ బాలుడు మన మాటలు నాలుగు నేర్చుకొనును. ఆ నాలుగును మర్యాదగల మాటలేయని మేము హామీ యీయజాలము. మాతృభాష ఏదియని అడుగక అందరిని చేర్చుకొను స్థలము ఊరిలో అంతకంటె మేలైనది మాకు కానరాదు.

మరియొక కారణము కలదు. ఈ నగరపు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. ఒక గది, ఒక వంటమూల, అంతియే వారిలో అనేకుల గృహము. ఆ యిండ్ల పిల్లలకు వీధి చివరి మైదానమే పెరడు, అదియే వసారా. మన సంఘమునకు చందా కట్టువారిలో అట్టివారు తక్కువ. అందుచేతనే వారి మాటను మనము ఎత్తవలసియున్నది.

పూర్వము ఈ పని దాతలు చేసిరి. 1888లో మదరాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పి, దొరల క్లబ్బులో చోటు దొరకని భారతీయులకు క్రికెట్టాడు వసతి కల్పించిన బుచ్చిబాబు నాయుడుగారు మనవారే. వారు 1908లో గతించిరి. వారి పేరిటి పోటీ నేటికిని కలదు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించిన సి. కె. నాయుడుగారు 1932లో భారతజట్టుకు తొలి టెస్టు నాయకులైరి. ఈ పేర్లు తలచి మనము మురియుట సహజము. కాని దాత సంచి ఒక క్లబ్బును పోషింపగలదేగాని నగరమును పోషింపజాలదు. 1956 జనవరిలో వినూ మన్కడ్, పంకజ్ రాయ్ న్యూజీలాండుపై మొదటి వికెట్టుకు 413 పరుగులు చేసినది దాతల మైదానమున కాదు, కార్పొరేషను స్టేడియమున. నేటి నెహ్రూ స్టేడియమున్నది ఆ స్థలముననే. అంతటి ఆటకు నేలను సిద్ధపరచిన నగరమునకు పిల్లల మైదానమును చదునుగా ఉంచు విద్య తెలియదని ఎవరనగలరు?

బాధ్యత ఎవరిదని వెదకవలసిన పనియు లేదు. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పండ్రెండవ షెడ్యూలును చేర్చినది. నగరసభలకు అప్పగింపదగిన పనులలో ఉద్యానములను, తోటలను, ఆటస్థలములను అందు పేర్కొనిరి. అంతకు పూర్వమే ఈ రాష్ట్రమున 1959లోను, కర్ణాటకమున 1985లోను ఉద్యానముల, ఆటస్థలముల, ఖాళీస్థలముల పరిరక్షణకు చట్టములు వచ్చినవి. బెంగుళూరులో ఉద్యానమునకు కేటాయించిన స్థలమును ప్రైవేటు వైద్యశాలకిచ్చుట చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున స్థలము అన్యాక్రాంతమైనచో పోరాడుటకు మనకు ఆధారము కలదు. స్థలము మిగిలి, మైదానము నశించినచో ఏమి చేయవలెను? అది నేటి మన సమస్య.

ప్రభుత్వధనము రెండు తెరగులు. ప్రారంభోత్సవపు ధనము ఒకటి, నిత్యవ్యయపు ధనము మరియొకటి. మొదటిదానికి దారులు అనేకము. 1993లో ఆరంభమైన పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి క్రింద నేడు ఒక్కొక్క సభ్యునికి సంవత్సరమునకు 5 కోట్ల రూపాయలు లభించును; అది ముఖ్యముగా చిరకాలము నిలుచు ఆస్తులను నిర్మించుటకు ఏర్పడినది. శాసనసభ్యుల నిధి కలదు, క్రీడా పథకములు కలవు. గోడ కట్టవచ్చును, ద్వారము నిలుపవచ్చును, శిలాఫలకము చెక్కింపవచ్చును. కావలివాని జీతమునకు శిలాఫలకము ఉండదు. అందుచేత దానిని ఇచ్చువారును అరుదు.

మన్ను మైదానమునకు కావలసినదేమో లెక్కింతము. ఇచట అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము. నీరు నిలిచి మెత్తబడిన నేల జనవరిలో గుంటలు గుంటలుగా గట్టిపడును. అప్పుడు ఎఱ్ఱమన్ను తోలించి, చదునుచేసి, తడిపి, రోలరు నడుపవలెను. వేసవిలో దుమ్ము లేవకుండ నీరు చల్లవలెను. చెడుగుడు ఆడుచోట మన్నును త్రవ్వి, రాళ్లు ఏరి, మెత్తగా ఉంచవలెను. వాననీటి కాలువ పూడికను ఏటేట తీయవలెను. దీపములు, కుళాయి, మరుగుదొడ్డి, ఆ మరుగుదొడ్డి తాళపుచెవి ఎచటనున్నదో తెలిసిన మనుష్యుడొకడు కావలెను. ఈ చివరిదానిని వినోదమునకు చెప్పుటలేదు. మరుగుదొడ్డికి తాళమున్న మైదానమునకు ఎదిగిన ఆడుపిల్ల రాదు. వచ్చినను గంటకు మించి నిలువదు. ఇవన్నియు చిన్న వ్యయములే. ఒక యేడు మానినచో మరుసటి యేటికి పెరుగును. మూడేండ్లు మానినచో మైదానము బండ్లు నిలుపు స్థలమగును, కట్టడముల చెత్త చేరును. పిమ్మట అది నిరుపయోగముగా నున్నదని చెప్పి వేఱు పనికి కోరువారు బయలుదేరుదురు.

ఇక అభివృద్ధి యను మాట. మైదానమును అభివృద్ధి చేయుట యనగా నేడు చాలచోట్ల కృత్రిమపు గడ్డి పరచుట. అది చూచుటకు పచ్చగా నుండును, వాన వెలిసిన వెంటనే ఆటకు పనికివచ్చును; కాదనము. కాని దానిని తరచుగా కుంచెతో దువ్వవలెను, నడుమ పోసిన రబ్బరు రవ్వను నింపుచుండవలెను, అతుకులు విడినచోట వెంటనే అంటింపవలెను. ఎండకాలపు మధ్యాహ్నము దానిపై వట్టికాళ్లతో నిలువజాలము. ఎనిమిది పదియేండ్లకు మొత్తము మార్చవలెను. మన్నునేల తప్పులను క్షమించును. ఈ నేల క్షమింపదు. వ్యయము పెరిగిన వెనుక, ఈ భారము మాకేల, ఆడువారే చెల్లింతురుగాక యను ఆలోచన దానంతట అదే పుట్టును.

అట్లు పుట్టినదనుటకు నిదర్శనము దూరమున లేదు. 2024 అక్టోబరు చివర మన నగర కార్పొరేషను కృత్రిమపు గడ్డి పరచిన 9 ఫుట్‌బాలు మైదానముల నిర్వహణను ప్రైవేటువారికి అప్పగించుటకును, ఆడు ప్రతివాని నుండి గంటకు 120 రూపాయలు వసూలు చేయుటకును తీర్మానించెను. ఉత్తర చెన్నపురిలో ఫుట్‌బాలు బీదవాని ఆట. వ్యాసార్పాడి పేరు ఆ ఆటవలననే దేశమున తెలిసినది. ఆటగాండ్రును, పార్టీలును ఆక్షేపించిరి. కొలది దినములలోనే తీర్మానము ఉపసంహరింపబడినది. ఉపసంహరించినవారిని మేము అభినందించుచున్నాము. అయినను లెక్కను మరువరాదు. దినమునకు ఒక గంట, నెలకు 25 దినములు, ఒక బాలునికి 3,000 రూపాయలు, అన్నదమ్ములిద్దరైనచో 6,000. ఏ కార్మికుడు దీనిని భరింపగలడు? తీర్మానము పోయినది గాని, దానిని పుట్టించిన లోటు పోలేదు. నిర్వహణకు ఏటేట ధనము నిర్ణయింపనంతవరకు ఆ రుసుము మరియొక పేరుతో తిరిగి రావచ్చును.

ప్రజలు మూడవ వంతు భరించినచో తక్కిన భాగమును ప్రభుత్వము భరించు ‘నమక్కు నామే’ పథకము 2021లో మరల ఆరంభమైనది కదా, దానిని వినియోగింపరాదా యని ఒక మిత్రుడు సూచించెను. మంచి పథకమే. వర్తకులున్న పేటలో మూడవ వంతు ఒక సాయంకాలమున వసూలగును. కూలివారి పేటలో కాదు. మైదానము ఎక్కువ అవసరమైనచోటికే అది తక్కువగా చేరును. మన సంఘము ఒక బీదపేటకు ఆ మూడవ వంతును సేకరించి యిచ్చుట మాకు సమ్మతమే. దానిని నగరసభ నిత్యబాధ్యతకు బదులుగా అంగీకరింపజాలము.

నగరసభకును ఇబ్బందులు లేకపోలేదు. 2015 వరదయు, 2023 డిసెంబరు తుపానును చూచిన నగరమున కాలువలకే మొదటి రూపాయి పోవలెనన్నచో కాదనువారెవ్వరు? అయితే మన్ను మైదానమును ఆ లెక్కలోనే చేర్చవచ్చును. అది వాననీటిని త్రాగును. క్రింద తారో కాంక్రీటో పరచిన నేల త్రాగదు. 2022లో ఆస్తిపన్ను హెచ్చినప్పుడు గొణుగుచునే చెల్లించితిమి. అందు ఒక స్వల్పభాగము మా వీధి మైదానమునకు ఎంత వచ్చినదని అడుగు హక్కు మనకు కలదు.

కావున కార్యవర్గము ఒక విజ్ఞాపనమును సిద్ధపరచుచున్నది. ఒక్కొక్క మైదానమునకు వార్షిక నిర్వహణ మొత్తమును బడ్జెటున వేఱుగా చూపవలెను; ఆ మొత్తమును, వ్యయమైన దానిని మైదాన ద్వారమున బోర్డుపై వ్రాయవలెను. కృత్రిమపు గడ్డి పరచదలచినచో పదేండ్ల పోషణకు ధనమెచటనుండి వచ్చునో ముందు చెప్పవలెను. పిల్లలవద్ద రుసుము కూడదు. బాలికల మరుగుదొడ్డియు, దీపములును గడ్డికంటె ముందు రావలెను. కార్పొరేషను బడుల ఆవరణములను బడి విడిచిన పిదప పేట పిల్లలకు తెరువవలెను. ఒక కావలివాని జీతముతో తీరు పని యిది.

2022 నవంబరు 1న ఈ రాష్ట్రపు నగరములలో ఏరియా సభలు మొదటిసారి జరిగినవి. అట్టి సభలలో మనవారు తెలుగువారమని కాక, ఆ వార్డు నివాసులమని లేచి నిలిచి మాటలాడవలెను. తమిళ సోదరులను వెంట తీసికొనిపొండు. మైదానము వారిదియు కదా. కార్పొరేషను బడ్జెటు సాధారణముగా ఫిబ్రవరి, మార్చి మాసములలో వచ్చును గనుక వ్యవధి తక్కువ. సభ్యులు తమ పేటలోని మైదానమును ఒక సాయంకాలము చూచి, నేల, దీపములు, కుళాయి, మరుగుదొడ్డి, కావలి, ఈ అయిదింటి స్థితిని ఒక కార్డుపై వ్రాసి వచ్చు సమావేశమునకు తేవలెనని కోరుచున్నాము. విజ్ఞాపనము తమిళమున ఉండును. తెలుగు ప్రతి ఈ పత్రికలో ప్రకటింపబడును.