వీధి యెవరిది?
(అమలాపురమున వీధివారి సభయందలి ప్రసంగము)



లారీలు పోవుటకు 216వ జాతీయ రహదారి గలదు. 2002లో యానాము-ఎదుర్లంక వారధి తెరచిన పిదప, పూర్వము రేవున పంటుకై వేచియుండు బండ్లు ఇటే సాగుచున్నవి. 2022లో అమలాపురము జిల్లా కేంద్రమైనది, ఒత్తిడి యినుమడించినది. ఇప్పుడు కాలువపై వంతెన వేసి మన వీధిని రహదారిలో కలుపుద మనుచున్నారు.

వలదనువారు పిల్లల యాటను, ముదుసలుల యరుగులను చూపుచున్నారు. సబబే. కాని “ఇది మా వీధి” యను మాట నాకు రుచింపదు. 1965 పురపాలక చట్టము ప్రకారము ప్రజావీధి పురపాలక సంఘముది. ఆవలి పేటవారు ఆసుపత్రికి చుట్టు తిరిగి పోవుట మన నెమ్మదికి వెల కారాదు. వీధిలోనికి కొందఱిని రానీయని దినములను మఱచితిమా?

నడచువారికి, సైకిళ్లకు, 108 బండికి దారి విడువుడు. కొబ్బరి లారీకి మాత్రము ఇనుప గేటు అడ్డముంచుడు. (తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనని మరల తగవు వచ్చును, రానిండు!)

రాజ్యాంగపు 74వ సవరణ 3 లక్షల జనమున్న పట్టణములకే వార్డు కమిటీలను విధించినది. మనకంత జనము లేదు. పిలిచి యడుగుదురని కూర్చుండిన లాభము లేదు; టెండరు పిలువక పూర్వమే మనమే పోయి చెప్పుదము.