ముక్కు తీరు మార్చుకునే ముందు

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

 

పత్తి, మిరప పంటలు చేతికి వచ్చాక మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెళ్లి సంబంధాల మాటలు మొదలవుతాయి. వాటి మధ్య ఒక్కోసారి ఒక మాట ఆడపిల్ల మనసులో ముల్లులా దిగుతుంది: “అమ్మాయి అన్ని విధాలా బాగుంది గాని, ముక్కే కాస్త...” అన్నవారు టీ తాగి వెళ్లిపోతారు. విన్న బిడ్డకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. అటువంటి సమయంలోనే సెల్‌ఫోనులో ఒక ప్రకటన కనబడుతుంది: కత్తిగాటు లేదు, కుట్లు లేవు, కొద్ది నిమిషాల్లో ముక్కు తీరుగా మారుతుంది! ఇది ధర్మసమ్మతమేనా, మనకు తగినదేనా అన్న ప్రశ్న ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చింది. దీనిని ధర్మం వెలుగులోనూ, వైద్యం వెలుగులోనూ పరిశీలిద్దాం.

ముందుగా ధర్మం. ముక్కు విషయంలోనే మనకు స్పష్టమైన ఒక హదీసు ఉంది. అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) అనే సహాబీ అజ్ఞానకాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ను బంగారు ముక్కు చేయించుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమని మనకు తెలుసు. అయినా గాయపడిన ముఖాన్ని సరిచేసుకునేందుకు ఆ బంగారానికే అనుమతి లభించింది. ఇస్లాం బాధను మోస్తూ కూర్చోమని చెప్పే ధర్మం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

మరోవైపు, కేవలం అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకుని అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలను శపించిన హదీసును అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. అది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దైవసృష్టిని మార్చేలా మానవులను పురికొల్పుతానని షైతాన్ పలికిన సంగతిని దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో తెలియజేసింది.

ఈ రెండింటినీ కలిపి చూస్తే దారి తేటపడుతుంది. లోపాన్ని సరిచేయడం వేరు. చక్కగా ఉన్నదానిని మోజు కొద్దీ మార్చడం వేరు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో జరిపిన 18వ సమావేశంలో ఇదే గీత గీసింది. పుట్టుకతో వచ్చిన లోపాలను, తీవ్రమైన ముక్కు వంకరను, ప్రమాదాలవల్ల కలిగిన వికృతిని, మనసుకో శరీరానికో హాని చేసే వికారాన్ని సరిచేయవచ్చునన్నది. మామూలుగా ఉన్న ముక్కును కేవలం కోరిక కోసం, ఇతరుల అనుకరణ కోసం మార్చడం సమ్మతం కాదన్నది.

ఇక వైద్యం సంగతి. ఈ పద్ధతిలో సాధారణంగా హైలురోనిక్ యాసిడ్ అనే జిగురువంటి పదార్థాన్ని సూదితో ముక్కు చర్మం కింద నింపుతారు. దీనినే ఫిల్లర్ అంటారు. పల్లంగా ఉన్నచోట ఎత్తు పెంచి, గూనును కనబడకుండా చేస్తారు. నింపడమే తప్ప తగ్గించడం దీనివల్ల కాదు. కనుక పెద్ద ముక్కు చిన్నది కాదు. ముక్కులో ఎముక వంకరగా ఉండి ఊపిరి ఆడకపోతే ఆ బాధ తీరదు. దానికి చెవి ముక్కు గొంతు వైద్యుడే దిక్కు. పైగా ఈ ఫలితం శాశ్వతం కాదు. కొన్ని నెలల నుండి ఏడాది, ఏడాదిన్నరలోపు సాధారణంగా కరిగిపోతుంది. మళ్లీ సూది, మళ్లీ ఖర్చు!

కత్తి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం భ్రమ. ముక్కుకు రక్తం అందించే సన్నని నాళాలకూ కంటి నాళాలకూ సంబంధం ఉంది. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే ముక్కుపై చర్మం చచ్చిపోవచ్చు. అది కంటి నాళానికి చేరితే చూపే పోవచ్చు. ఇలా జరగడం అరుదే. కాని పోయిన చూపు తిరిగి రావడం అంతకన్నా అరుదు. ముఖంలో ఫిల్లర్ వేసే చోట్లలో ముక్కు, కనుబొమల నడిమి భాగం అత్యంత ప్రమాదకరమైనవని వైద్యులు హెచ్చరిస్తారు. సూది వేసిన తరువాత చర్మం తెల్లబడినా, తీవ్రమైన నొప్పి కలిగినా, చూపు మసకబారినా ఒక్క క్షణం ఆలస్యం చేయరాదు. మన చేతులారా మనల్ని వినాశంలోకి నెట్టుకోవద్దని బఖరా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు కదా!

కాబట్టి నిర్ణయానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఇది లోపమా, లేక ఎవరో అన్న మాటా? గాయమో, పుట్టుక లోపమో, నిత్యం మనసును కుంగదీసే వికారమో అయితే సిగ్గుపడకుండా వైద్యుణ్ణి, ధర్మపండితుణ్ణి సంప్రదించండి. ఎన్ని మార్చినా తృప్తి కలగని స్థితి ఉంటే అది ముక్కు జబ్బు కాదు. మనోవైద్యుని సలహా అవసరం.

రెండవది: సూది పట్టేవారు ఎవరు? వారు ప్లాస్టిక్ సర్జరీలోనో చర్మవైద్యంలోనో చదువుకుని, వైద్యమండలిలో నమోదైనవారా? ఆపద వస్తే ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ మందు వారి దగ్గర సిద్ధంగా ఉందా? బ్యూటీ పార్లర్ ఈ పనికి తగిన చోటు కాదు.

మూడవది: డబ్బు ఎక్కడిది? మిరప మీద, పత్తి మీద తెచ్చిన అప్పు తీరకముందే ఏడాదిలో కరిగిపోయే దానికోసం వడ్డీకి తెచ్చుకోవడం రెండు నష్టాలను ఒక్కసారే కొనుక్కోవడమే.

నాలుగవది: దీనిని దాస్తున్నామా? ఒకసారి దైవప్రవక్త (స) సంతలో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టగా లోపల తడి తగిలింది. తడిని జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని, మోసం చేసేవాడు తనవాడు కాడని ఆయన హెచ్చరించారు. పైన నిగనిగలాడే కాయలు పేర్చి, అడుగున తాలు కాయలు నింపిన టిక్కీ ఎంత అన్యాయమో గుంటూరు మిరపయార్డు తెలిసిన మనకు వేరే చెప్పాలా? పెళ్లి సంబంధంలో దాపరికం అంతకన్నా పెద్ద అన్యాయం. అమ్మాయికైనా అబ్బాయికైనా ఇదే నీతి.

ఈ నాలుగూ ఆలోచించాక ఇస్తిఖారా నమాజు చేసి, ప్రభువు సహాయం వేడుకుని అడుగు వేయండి.

సోదరులారా! ఇంకొక మాట. బిడ్డ ముక్కును ఎంచినవారిది ఏ తప్పూ లేదా? ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని హుజురాత్ సూరా పురుషులకూ స్త్రీలకూ విడివిడిగా ఆజ్ఞాపించింది. జాహిర్ (రజి) అనే పల్లెవాసి చూడటానికి అందగాడు కాడు. ఆయన సంతలో సరుకు అమ్ముకుంటుండగా దైవప్రవక్త (స) వెనుక నుండి వచ్చి ప్రేమతో కౌగిలించుకున్నారు. తనకు సంతలో వెల పలకదని జాహిర్ అనగా, అల్లాహ్ దగ్గర నీవు ఎంతో విలువైనవాడివని ఆయన బదులిచ్చారు. మన ఇళ్లకు వచ్చే కోడళ్లను, మన ఇళ్లలో పెరిగే కూతుళ్లను మనం ఏ వెలతో తూస్తున్నాం? మన నాలుకలు సరిపడితే చాలామంది బిడ్డలకు ఆ సూది అవసరమే ఉండదు.

ఓ అల్లాహ్! మా రూపాలను చక్కగా తీర్చినట్లే మా నడవడినీ చక్కదిద్దు. రోగులకు స్వస్థతను, కుంగిన హృదయాలకు ధైర్యాన్ని ప్రసాదించు. మా నాలుకల కీడు నుండి మా బిడ్డలను కాపాడు. ఆమీన్.