ఉచిత బస్సు, డీజిల్ లెక్క, మీ మాట
(స్త్రీ శక్తి పథకం లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార శాఖ అధికారి ప్రసంగ పాఠం)



2025 ఆగస్టు 15 నుంచి మీరంతా ఆర్టీసీ బస్సులో టికెట్ డబ్బులు లేకుండా తిరుగుతున్నారు. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. ఈ అయిదు రకాల బస్సుల సంగతి మీకు తెలిసిందే. ఈరోజు ఆ బస్సు నడిపే మనిషి గురించి చెబుతాను.

2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులే. డిపోలో ప్రతి డ్రైవరు పేరు మీదా ఒక లెక్క ఉంటుంది. దాన్ని కేఎంపీఎల్ అంటారు. అంటే లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచింది అని. మంచి మైలేజీ తెచ్చిన డ్రైవర్లను పిలిచి శాలువా కప్పి, ప్రశంసా పత్రం, నగదు బహుమతి ఇస్తుంటారు. శాలువా ఎందుకులే అనిపిస్తుందేమో, లెక్క చూడండి. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తే 60 లీటర్లు తాగుతుంది. అదే 5.2 ఇస్తే 58 లీటర్లు కూడా పట్టదు. నెలకు 25 రోజులు, లీటరు 95 రూపాయలనుకుంటే, ఒక్క బస్సు మీద మిగిలేది అయిదు వేలు దాటుతుంది. కొత్త యంత్రమేమీ కొనకుండానే!

ఎలా సాధిస్తారు? క్లచ్ మీద కాలు పెట్టి ఉంచరు. ముందు స్పీడ్ బ్రేకర్ కనబడితే దూరం నుంచే యాక్సిలరేటర్ వదిలేస్తారు. స్టాండులో ఆగితే ఇంజన్ ఆపేస్తారు. గ్యారేజీలో మెకానిక్ టైర్లలో గాలి సరిచూస్తాడు, అరిగిన టైరుకు మళ్లీ రబ్బరు వేయించి వాడతారు. వీళ్ల పేర్లు మాత్రం బయటకు రావు. నన్నడిగితే డ్రైవరుతో పాటు మెకానిక్‌నూ వేదిక మీదికి పిలవాలి.

అయితే ఒక మెలిక ఉంది. స్టాపులో ఆపకుండా వెళ్లిపోయినా డీజిల్ మిగులుతుంది! ఆగిన ప్రతిసారీ బండి మళ్లీ అందుకోవడానికి నూనె ఖర్చవుతుంది కదా. ఎండలో చంటిపిల్లతో నిలబడిన తల్లిని వదిలేసి తెచ్చిన మైలేజీ పొదుపు కాదు. ఆ ఖర్చు ఆమె నెత్తిన పడింది, అంతే. ఆటోకు యాభై రూపాయలో, పోయిన సగం రోజు కూలో. డిపో లెక్కలో అది కనబడదు. మీరు చెబితేనే కనబడుతుంది.

అందుకే రెండూ చెప్పండి. బస్సు ఆపకపోతే బస్సు నంబరు, స్టాపు, టైము రాసుకుని డిపో మేనేజరుకు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ పెట్టొచ్చు. ముసలమ్మ ఎక్కేదాకా ఆగి, కుదుపు లేకుండా తీసుకెళ్లిన డ్రైవరు ఉంటే, అదీ రాసివ్వండి. పేరు తెలియక్కర్లేదు, బస్సు నంబరు, తేదీ, టైము ఉంటే డ్యూటీలో ఎవరున్నారో వాళ్లే చూసుకుంటారు. ఫిర్యాదులు రాసేవాళ్లున్నారు గానీ మెచ్చుకుంటూ రాసేవాళ్లు తక్కువ.

ఇంకోటి. ఉచితమే కదా అని జీరో టికెట్ తీసుకోకుండా కూర్చోవద్దు. మీ ప్రయాణం డబ్బు ప్రభుత్వం నుంచి ఆర్టీసీకి వచ్చేది ఆ టికెట్ల లెక్క మీదే. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఏదో ఒకటి ఒరిజినల్ చేతిలో ఉంచుకోండి. ఫుట్‌బోర్డు మీద నిలబడకండి. స్టాపు వచ్చేముందే లేచి తలుపు దగ్గరికి రండి, బస్సు ఆగి ఉండే సమయం తగ్గుతుంది.

ఇక మీ ఊరి స్టాపుల సంగతి చెప్పండి, రాసుకుంటాను.