గుర్తుల భాషలో ఊరి పేరు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభ సమయమున భూగోళ పటములను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. పటమనగా తరగతి గోడకు వ్రేలాడు రంగుల కాగితమే కాదు. ఒక ఊరు ఎచట నున్నది, బాట ఎటు పోవుచున్నది అను సంగతులను అక్షరములతో వ్రాసి, ఇంటర్నెట్టు ద్వారా దేశదేశములకు పంపవచ్చును. అట్టి వ్రాతకు ఉపకరించునవి మార్కప్ భాషలు, అనగా గుర్తుల భాషలు.

మన ఇండ్లలో ఆవకాయ, మాగాయ జాడీలు ప్రక్కప్రక్కనే యుండును. మూత తీయకయే ఏది యేదో తెలియుటకు గృహిణి చీటీ అంటించును. గుర్తుల భాష చేయు పనియు నిదియే. 'ఇది పేరు', 'ఇది స్థానము' అని ప్రతి వివరమునకు ముందు కోణపు గుర్తుల నడుమ ఒక చీటీ వ్రాయుదురు; వివరము ముగిసినచోట ఏటవాలు గీత గల చీటీతో ముగింతురు. దానిని మనుష్యుడును చదువగలడు, యంత్రమును చదువగలదు.

ఇట్టి భాషలకు ఆధారమైన ఎక్స్.ఎమ్.ఎల్. 1998లో ప్రమాణముగా వెలువడెను. భూగోళ విషయములకై జి.ఎమ్.ఎల్. 2000లో వచ్చి, 2007లో అంతర్జాతీయ ప్రమాణమాయెను. వస్తువు యొక్క స్వభావమును, ఆకృతిని వివరించుట దీని పని. పటముపై దానిని ఏ రంగుతో, ఏ గుర్తుతో చూపవలెనో చెప్పుటకు కె.ఎమ్.ఎల్. అనుకూలము. దీనిని కీహోల్ అను కంపెనీ రూపొందించెను. ఆ కంపెనీని గూగుల్ 2004లో కొనెను. 2008లో కె.ఎమ్.ఎల్. బహిరంగ ప్రమాణముగా అంగీకరింపబడినందున, ఎవరైనను దానిని స్వేచ్ఛగా వాడుకొనవచ్చును.

అయితే యంత్రము మన మనసులోని మాటను గ్రహింపదు. వ్రాసిన వరుసనే గ్రహించును. హోసూరు పట్టణపు అక్షాంశము సుమారు 12.74, రేఖాంశము సుమారు 77.83. కె.ఎమ్.ఎల్.లో రేఖాంశము ముందు, అక్షాంశము తరువాత వ్రాయవలెను. తారుమారు చేసినచో మన హోసూరు ఉత్తర ధ్రువ ప్రాంతమున స్పిట్స్‌బర్గెన్ దీవి చేరువ సముద్రములో తేలును! అంకెల సూక్ష్మతయు ముఖ్యమే. అక్షాంశములో రెండవ దశాంశ స్థానము సుమారు 1 కిలోమీటరును, ఐదవ స్థానము సుమారు 1 మీటరును తెలుపును.

2004లో ఇంగ్లండున స్టీవ్ కోస్ట్ అను నతడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటమును ప్రారంభించెను. దానిని వ్రాయువారు ఎక్కువగా సామాన్య జనులే. 2010 జనవరిలో హైతీ దేశమున భూకంపము రాగా, పలు దేశముల స్వచ్ఛంద సేవకులు తమ ఇండ్లనుండియే పోర్టో ప్రిన్స్ నగరపు వీధులను ఆ పటమున వ్రాసిరి. సహాయకులకు అది దారి చూపెను. పటము వ్రాయుట పరోపకారము కూడ నని దీనివలన తెలియుచున్నది.

మన సంఘమునకు ముఖ్యమైన విషయము ఇచటనే కలదు. ఆ పటములో ఒకే స్థలమునకు ఒక్కొక్క భాషలో పేరు వ్రాయుటకు వేర్వేరు గళ్లు కలవు. తమిళమునకు 'టి.ఎ.', కన్నడమునకు 'కె.ఎన్.', తెలుగునకు 'టి.ఇ.' అను సంకేతములు గలవు. ఓసూర్ అని తమిళమునను, హొసూరు అని కన్నడమునను, హోసూరు అని తెలుగునను ఒకే చుక్క క్రింద ఉండవచ్చును. ఒక పేరు మరియొక పేరును త్రోసివేయదు. పరరాష్ట్రమున ఇరుగుపొరుగు భాషలతో కలసిమెలసి జీవించు మనకు ఇంతకంటె తగిన పద్ధతి ఏమున్నది?

కాని గడి యున్నంత మాత్రమున పేరు తనంతట వచ్చి చేరదు. మన పెద్దలు చెఱువులకు, గుట్టలకు, బాటలకు పెట్టుకొన్న తెలుగు పేర్లలో అనేకము నోటిమాటగానే నిలిచినవి. వానిని పలుకు వృద్ధులు గతించినచో ఆ పేర్లును వారితోనే గతించును. పరులెవరో వచ్చి వ్రాయుదురని ఎదురుచూచుట తగదు.

కనుక విద్యార్థులారా! సెలవులలో మీ తాతను, అవ్వను అడిగి పేర్లు వ్రాసికొని రండు. వారు పలికినట్లే వ్రాయుడు. ఊహించి క్రొత్త పేరు కల్పింపకుడు. స్థానికమైన ప్రధాన నామమును మార్పకుడు. మన పేరును దాని ప్రక్కన, మన గడిలోనే చేర్చుడు. ఇతరుల పటములను చూచి నకలు చేయుట అన్యాయము. మీరు స్వయముగా ఎఱిగిన దానినే వ్రాయుడు. ఉపాధ్యాయులమైన మేము మీ ప్రక్కన కూర్చుండి సరిచూతుము.

భాష నిలుచుట సభలలోని జయధ్వానములచేత కాదు, దానిని పనిలో పెట్టుటచేతనే. ఒక్కొక్క బాలుడు, ఒక్కొక్క బాలిక ఒక్కొక్క పేరు చేర్చినను చాలును. మీ తాత పలికిన పేరు మీ మనుమలకు పటమున కనబడును.