మంజూరు సంతకము
(కనియంబాడి పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ సభలో ఏమి మాట్లాడవలెనా యని మేమాలోచించుచుండగా, చెన్నపట్టణమున ఉద్యోగము చేయుచున్న మా పూర్వ విద్యార్థి యొకడు వచ్చి, "అయ్యా, మా ఆఫీసులో ఖర్చుల బిల్లులను ఇప్పుడు ఏజెంటే మంజూరు చేయుచున్నది" అని చెప్పెను. ఏజెంటనగా మాకు తెలిసినది బీమా ఏజెంటు మాత్రమే. ఇది మనిషి కాదనియు, కృత్రిమ మేధతో పనిచేయు కంప్యూటరు ప్రోగ్రామనియు గ్రహించుటకు మాకొక పూట పట్టినది.

హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ళగారు 2014 నుండి అధిపతిగా నున్న మైక్రోసాఫ్టు కంపెనీ, పనివేళలకు, ఖర్చులకు, వాటి మంజూరుకు ఇట్టి ఏజెంట్లను తన వ్యాపార సాఫ్టువేరులో చేర్చినది. ఇవి ఉద్యోగి కేలెండరును, అతనికి అప్పగించిన పనులను చూచి, ఏ పనికెన్ని గంటలైనవో చిత్తుప్రతి వ్రాయును. బిల్లు ఫోటోను చదివి తేదీని, మొత్తమును, దుకాణము పేరును లెక్కలోని కెక్కించును. పిమ్మట కంపెనీ నిబంధనలతో సరిపోల్చి, సరిపోయిన దానిని ముందుకు నడుపును. అనుమానమున్న దానిని పై అధికారి ముందుంచును. ఎంత మొత్తము వరకు తానే నడుపవచ్చును, వేటికి రసీదు కావలెను, అనుమానము వచ్చిన ఎవరి నడుగవలెను అను సంగతులను మాత్రము అమర్చునపుడే మనుష్యులు చెప్పవలెను.

ఇది మేలైన సాధనమే. నెలాఖరున ప్రయాణ భత్యముల పట్టీలు, ఓచర్లు, హాజరు లెక్కలు మా సాయంకాలములను ఎంతగా హరించునో మా గుమాస్తాగారి కెరుక. కూడికలలో మేము చేసిన తప్పులు కూడ వారికే యెరుక! ఒకే బిల్లును రెండుమారులు పెట్టినచో మా కన్ను దానిని పట్టకపోవచ్చును, యంత్రము పట్టును.

అయినను ఒక పాత సంగతి చెప్పెదము. మేము సహాయోపాధ్యాయులుగా నున్న కాలమున వేరొక పాఠశాల పిల్లలను ప్రదర్శనకు వేలూరు తీసికొనిపోతిమి. అచట ఒక పిల్లవానికి జ్వరము తీవ్రమైనది. ఆటోలో వైద్యుని యొద్దకు తీసికొనిపోయి, నలుబది రూపాయలిచ్చితిమి. జ్వరముతో మూలుగుచున్న బిడ్డను ఒడిలో నుంచుకొని ఆటోవానిని రసీదడుగు వారెవరు? ఆఫీసులో ఆ పద్దును ఎఱ్ఱసిరాతో కొట్టివేసిరి. అపుడు మా ప్రధానోపాధ్యాయులు ఆ కాగితపు అంచున, "ఈ సంగతి నేనెరుగుదును. చెల్లింపవలెను" అని వ్రాసి సంతకము చేసిరి. సొమ్ము వచ్చినది. నలుబది రూపాయలు పెద్ద మొత్తము కాదు. కాని ఎఱ్ఱసిరా మమ్ము దొంగను చేసినట్లుండెను, ఆ సంతకము ఆ మచ్చను తుడిచినది.

"నేనెరుగుదును" అను మాట యంత్రము వ్రాయజాలదు. అది రసీదును చూచును గాని బిడ్డను చూడలేదు.

హాజరు సంగతియు నిట్టిదే. గ్రామీణ ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును 2023 జనవరి 1 నుండి మొబైలు యాప్‌లో, దినమునకు రెండుమారులు ఫోటోతో నమోదు చేయుట తప్పనిసరి చేసిరి. అది ఏజెంటు కాదు, వట్టి యాప్, అయినను పాఠమొకటే. సిగ్నలు లేక ఫోటో ఎక్కని చోట్ల, ఎండలో మట్టి మోసినవారి కూలికి ఆటంకము కలిగినదని ఫిర్యాదులు వచ్చెను. మరికొన్ని చోట్ల పనికి సంబంధము లేని ఫోటోలను, ఫోటోకు తీసిన ఫోటోలను ఎక్కించిరని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే వ్రాసి, పంచాయతీలో ఆ ఫోటోలను మనుష్యులు పరిశీలింపవలెనని ఆదేశించినది.

మన సంఘములో దుకాణములు, చిన్న కంపెనీలు నడుపువారు పలువురున్నారు. ఇట్టి ఏజెంటును పెట్టుకొనువారు ముందుగా తమ బిల్లులను దానిచేత చదివించి చూడుడు. మన ప్రాంతపు చేతివ్రాత బిల్లులో సరుకు పేరు అరవమున, కొట్టుపేరు ఇంగ్లీషున, వెనుక మన గుమాస్తా వ్రాసిన వివరము తెలుగున ఉండును. అందు ఒక్క అంకె తప్పుగా చదివినను నష్టపడునది కంపెనీ కాదు, జేబులోనుండి ముందుగా ఖర్చుపెట్టిన చిరుద్యోగి.

మన పాఠశాలకును ఇట్టి ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమున కొందరు మిత్రులు తలచుచున్నారు. మాకు అడ్డు లేదు. కూడికలు, తేదీలు, రెండుమారులు వచ్చిన బిల్లులు దానికే వదలుదము. రసీదు లేని కాగితము మాత్రము మా బల్లమీదికి రావలెను. ఏ ఉపాధ్యాయుని బిల్లునైనను త్రోసిపుచ్చవలసి వచ్చినచో, కారణము వ్రాసి ఒక మనిషి సంతకము చేయవలెను. మంజూరు యంత్రము చేసినను చేయుగాక. కాదనుట మాత్రము దానికి అప్పగింపరాదు. అమర్చునపుడే ఈ రెండు నిబంధనలు అందు చేర్చవలెనని కార్యదర్శిగారికి ఈ సభాముఖమున మనవి చేయుచున్నాము.

ఆ నలుబది రూపాయల ఓచరు నకలు నేటికిని మా బీరువాలో నున్నది. చూడదలచినవారు సభానంతరము మా గదికి రావచ్చును.