మావయ్య తెచ్చిన ఎయిర్‌గన్ను



ఆడవాళ్ళ కార్యక్రమంలో తుపాకీ మాటేమిటని మీలో కొందరు నవ్వుకుంటారేమో! ఆవకాయ బూజు పట్టకుండా ఏం చెయ్యాలో అడగండి, చెబుతాను. చంటిపిల్లల పాలపళ్ళ గురించి అడిగినా నాలుగు మాటలు చెప్పగలను. కానీ మొన్న దసరాకి మా చిన్నమ్మాయి, "అమ్మా, నా అంతప్పుడు నువ్వేం ఆడేదానివే?" అని అడిగింది. అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ అని చెప్పేసి ఊరుకోవచ్చును. నోట్లోంచి మాత్రం నిజం వచ్చేసింది. ఆ నిజమే మీకూ చెబుతాను.

మా పుట్టిల్లు పామర్రు నుంచి కాస్త లోపలికి, కాలవ గట్టున ఉన్న పల్లె. 1989 వేసవిలో మా చిన్న మావయ్య బెజవాడ నుంచి వచ్చాడు. పామర్రులో బస్సు దిగి, గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి మూటొకటి భుజాన వేసుకుని గట్టుమీద నడిచి వస్తున్నాడు. మా నాయనమ్మ అరుగుమీంచి చూసి, "ఏమయ్యా, ఆ గొడుగెవరికి?" అంది. విప్పి చూస్తే ఎయిర్‌గన్ను! దాని ధర ఎంతో మావయ్య ఆవిడకు చివరిదాకా చెప్పలేదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, మా అన్నయ్యకు పదకొండు.

అది మందు కూరి కాల్చే తుపాకీ కాదు సుమండీ. గొట్టాన్ని మధ్యలో విరిచినట్టుగా కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. గొట్టం మొదట్లో ఒక సీసపు గుండు పెట్టి, మళ్ళీ తిన్నగా చేసి మీట నొక్కితే స్ప్రింగు ఒక్క ఉదుటున విడుతుంది. ఆ విసురుకి లోపలి గాలి బిగిసి గుండును తోస్తుంది. కిరసనాయిలు స్టవ్వుకి పంపు కొట్టిన చేతులకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. గుండు నాలుగున్నర మిల్లీమీటర్లు, అంటే పెసరగింజంత. నడుము సన్నగా ఉండి అడుగున పావడాలా విచ్చుకుని ఉంటుంది. మేము ఆ గుండ్లు బుగ్గన పెట్టుకుని తిరిగేవాళ్ళం! సీసం ఒంటికి పడదని అప్పుడు మాకెవరు చెప్పారు?

మావయ్య మొదటిరోజు కాల్చనివ్వనే లేదు. ఉత్త గన్నయినా సరే, మనిషి వైపు గొట్టం తిప్పకూడదన్నాడు. గుండు చిన్నదే, కంటికి తగిలితే మాత్రం కన్ను పోతుంది అన్నాడు. ఒకసారి అన్నయ్య సరదాకి పాలేరు వైపు చూపించాడని మూడు రోజులు గన్ను దాచేశాడు. రెండోరోజు నుంచి గురి నేర్పాడు. ఊపిరి సగం వదిలి ఆపాలి. మీట గుంజకూడదు, వడియాల పిండి మెత్తబడిందో లేదో వేలితో చూసినట్టు మెల్లిగా నొక్కాలి. ఎప్పుడు పేలుతుందో మనకే తెలియకూడదు. అన్నయ్యకి తొందరెక్కువ. నాకు తొందర లేదు. వారం తిరక్కుండానే తుమ్మకొమ్మకి కట్టిన డాల్డా డబ్బా మూతని ఇరవై అడుగుల నుంచి కొట్టాను. అన్నయ్య రెండురోజులు నాతో మాట్లాడలేదు.

ఆ వేసవుల్లో మేము ఇంట్లో ఉన్నదెప్పుడు? సార్వా కోసి, దాని మీద చల్లిన మినుము కూడా తీసేశాక, ఊరి చుట్టూ చేలన్నీ నెర్రెలిచ్చి మావే. వేసవికి కాలవ కట్టేస్తే అడుగున మిగిలిన మడుగుల్లో కొరమీల కోసం మోకాటిలోతు బురదలో దిగేవాళ్ళం. ముంజలు, ఈతకాయలు, సీమచింతకాయలు, అన్నీ చెట్టు దగ్గరే తినడం. మధ్యాన్నం భోజనానికి నాయనమ్మ అరుగుమీద నిలబడి కేకేస్తే, ఆ కేక రెండు చేలు దాటి వినబడేది. మేము విననట్టు నటించేవాళ్ళం. జూన్‌లో కాలవ వదిలినప్పుడు, మొదటి నీళ్ళు నురుగుతో, ఎండుటాకులతో వస్తుంటే వాటికి ఎదురు పరుగెత్తేవాళ్ళం. గన్ను వంతులవారీగా ఎవరో ఒకరి భుజాన ఉండేది. నిజానికి కాల్చిన దానికన్నా మోసిందే ఎక్కువ. అది ఉంటే ఎంత దూరమైనా వెళ్ళే ధైర్యం ఉండేది, అంతే.

ఒక్క పాపం మాత్రం ఒప్పుకోవాలి. గట్టున తీగమీద కూర్చున్న లకుముకి పిట్టని కొట్టాను. కొట్టగలనో లేదో చూద్దామని కొట్టాను. టపీమని పడింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, ఆ నీలం రంగు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. నాయనమ్మ తిట్టలేదు. "దానికి పిల్లలున్నాయేమో చూశావుటే?" అంది. లకుముకి పిట్ట చెట్టుమీద గూడు పెట్టదు, గట్టులో బొరియ తొలిచి గుడ్లు పెడుతుంది. నేనూ అన్నయ్యా రెండు రోజులపాటు కాలవ గట్టున కనబడిన ప్రతి బొరియకీ చెవి ఆనించి విన్నాం. ఏ చప్పుడూ వినబడలేదు. ఎండ్రకాయ మాత్రం అన్నయ్య చెవి పట్టుకుంది. ఆ తరువాత పిట్ట జోలికి పోలేదు. 1972లోనే వన్యప్రాణుల్ని కాపాడే చట్టం వచ్చిందని నాకు చాలా పెద్దయ్యాక తెలిసింది. నాయనమ్మ మాటకున్న బలం దానికుంటుందా అని ఇప్పటికీ అనుమానమే.

1990 మే తొమ్మిదిన తుఫాను వచ్చింది కదా, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా వీధి చివర చింతచెట్టు కూలింది. దానిమీద కొంగలు సాయంత్రం ఎంత గోల చేసేవో, అది లేని సాయంత్రాలు వచ్చాకే తెలిసింది. ఎగిరొచ్చి పడిన పెంకులు, రేకు ముక్కలు మాకు గురి పెట్టుకోవడానికి పనికొచ్చాయి. పిల్లతనం మరి, ఏం చెప్పను!

1992లో నేను పెద్దమనిషినయ్యాను. పదకొండో రోజు పేరంటం అయింది, చలిమిడి పంచారు, చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే గన్ను కోసం తలుపు వెనక చూస్తే లేదు. అటక మీద ఉంది. కొత్త ఓణీ కుచ్చిళ్ళు సర్దుతూ నాయనమ్మ, "ఇంక నువ్వు గట్టెక్కకూడదమ్మా" అంది. ఎంతో ప్రేమగానే అంది. మా నాన్న పేపరు తిరగేశారు. అమ్మ వంటింట్లోంచి బయటకు రాలేదు. సాయంత్రం అన్నయ్య మామూలుగా గట్టుమీదికి వెళ్ళాడు. ఆ గట్టు వాడికి ఉండిపోయింది, నాకు అరుగు మిగిలింది. పాపం వాడు అటకమీంచి గన్ను తీసుకుని రెండుమూడు సార్లు వెళ్ళాడు గానీ, పందెం వేసేవాళ్ళు లేక మానేశాడు.

ఇప్పుడెవరి మీదా నేరం మోపడానికి చెప్పడం లేదండీ. వాళ్ళకు తెలిసిన మంచి అదే. కాని ఒక్కమాట. 1984లో లాస్ ఏంజిల్స్ ఒలింపిక్సులోనే ఆడవాళ్ళకు ఎయిర్ రైఫిల్ పోటీ పెట్టారట. పది మీటర్ల దూరం, నడిమి చుక్క అర మిల్లీమీటరు! ప్రపంచంలో ఎక్కడో ఆడపిల్లలు దానికి పతకాలు పుచ్చుకున్న ఎనిమిదేళ్ళకి మా గన్ను అటకెక్కింది. 2000లో సిడ్నీలో మన అంజలి భగవత్ అదే పోటీలో ఫైనల్‌కి వెళ్ళిందని వార్త విన్నప్పుడు, కొత్తకాపురంలో చారుకు పోపు వేస్తున్నాను. పోపు మాడింది. మావారు ఏమిటీ వాసనంటే, ఇంగువ ఎక్కువైందన్నాను.

మా అమ్మాయికిప్పుడు పన్నెండు. నన్ను గట్టు దిగమన్న వయస్సే. కాని దానికి దిగడానికి గట్టేదీ? ఏలూరు, రైవసు, బందరు కాలవలు మూడూ మన ఊళ్ళోంచే పోతున్నా, ఒక్కదాంట్లోనూ అది కాలు పెట్టలేదు. ఆ నీళ్ళు చూస్తే నేనే పెట్టనివ్వను. మెట్లు దిగితే కార్లు, గేటు దాటితే కుక్కలు, లేకపోతే ట్యూషను. నాయనమ్మ నాకు పన్నెండో ఏట గీసిన గీత నేను దానికి అయిదో ఏటే గీశాను. ఎవరూ చెప్పకుండానే గీశాను. ఈ సంగతి దానితో మాట్లాడుతూంటేనే నాకు తట్టింది, అప్పటిదాకా నాయనమ్మనే తప్పు పట్టేదాన్ని.

మా ఊళ్ళో ఇల్లు అమ్మేటప్పుడు, ఏం కావాలే అని అన్నయ్య అడిగితే గన్నే అడిగాను. స్ప్రింగు తుప్పు పట్టి ఇప్పుడది పనిచెయ్యదు. ఇత్తడి గంగాళం వెనక పడుకుని ఉంది.

అసలు ఆ ప్రశ్న వచ్చిందెక్కడో చెప్పలేదు కదూ. అమ్మవారి దర్శనం చేసుకుని కొండ దిగి వస్తున్నాం. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించిన కొండ అదేనని దానికి చెబుతున్నాను. మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చిందని అది నాకు చెబుతోంది. దారిలో బుడగలు కాల్చే కొట్టు కనబడింది. అప్పుడే అడిగింది. జవాబు విని నమ్మలేదు. "అయితే కొట్టు చూద్దాం" అంది.

కొట్టతను గన్ను తీస్తూ, "బాబుకా అమ్మా?" అన్నాడు. "నాకే" అన్నాను. మావారు ప్రసాదం సంచీ పట్టుకుని, మాతో రానట్టు పక్కకు తిరిగి నుంచున్నారు. మొదటి గుండు తప్పింది. ఈ కొట్లలో గన్నుల గురి సాధారణంగా ఒక పక్కకి వంగి ఉంటుంది, మొదటి గుండు ఎటు పోయిందో చూసుకుని అంత ఇవతలకి పెట్టాలని మావయ్య చెప్పేవాడు. ఎడమకు పోయింది. జానెడు కుడికి జరిగి, ఊపిరి సగం వదిలి, ఆపాను. తరువాత నాలుగు బుడగలూ వరసగా పేలాయి. చెయ్యి ఏమీ మరిచిపోలేదు!

మా అమ్మాయి నోరు తెరుచుకుని చూసి, "అమ్మా, నాకూ" అంది. ఇంకో అయిదు గుండ్లకు డబ్బిచ్చాను. గొట్టం వంచబోతే దాని చేతులకు ఒంగలేదు. కొట్టతను అందుకోబోయాడు, వద్దన్నాను. నా చెయ్యి దాని చెయ్యి మీద వేసి, "ఇలా, ఒళ్ళు బరువంతా వెయ్యి" అన్నాను. ఇద్దరం కలిసి వంచాం.