లెక్క బాయిలోకి దిగిన రోజులు



మాకు పాఠం చెప్పిన మాస్టారి పేర జరిగే ఈ స్మారకోపన్యాసానికి నాకిచ్చిన అంశం మారుతున్న వ్యాపార వాతావరణంలో మనుషులు, వ్యూహం. యూనివర్సిటీలో ఇవి రెండు వేరు వేరు పేపర్లు. మాస్టారికి ఆ విభజన నచ్చేది కాదు. ఏ యంత్రం కొనాలో నిర్ణయమైన రోజే ఎవరి పని పోతుందో కూడా నిర్ణయమైపోతుందనీ, మొదటిది చెప్పి రెండోది దాచడం కుదరదనీ అనేవారు. అందుకు ఆయన ఎప్పుడూ చూపించే ఉదాహరణ సింగరేణి బొగ్గు గనుల కంపెనీ. ఇవాళ నేను ఆ ఒక్క కంపెనీ గురించే మాట్లాడతాను.

చరిత్ర మీకు తెలిసిందే. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు జాడ దొరికింది, 1889లో తవ్వకం మొదలైంది, 1920లో కంపెనీకి ఇప్పటి పేరు వచ్చింది. మనం ఆగి చూడాల్సింది 1990ల దగ్గర. అప్పటికి ఉమ్మడి ఖమ్మం, వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గనుల్లో లక్షా పదిహేను వేలమందికి పైగా పనిచేస్తున్నారు. ఏటా తీసే బొగ్గు కోటీ ఎనభై లక్షల టన్నులైనా లేదు. 1992లో ఒకసారి, 1996లో మరోసారి కంపెనీ ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్ గడప ఎక్కింది. పేరుకుపోయిన నష్టం 1,200 కోట్ల రూపాయలు దాటింది. 1991-92 ఒక్క సంవత్సరంలోనే నాలుగు వందలకు పైగా సమ్మెలు జరిగాయి. సగటున రోజుకొకటి కంటే ఎక్కువ.

ఇన్ని సమ్మెలు ఎందుకు? కార్మికుడు బద్ధకస్థుడు, సంఘాలు చెడగొట్టాయి అన్న మాట ఆ రోజుల్లో ఆఫీసుల్లో తరచుగా వినపడేది. నేను దాన్ని ఒప్పుకోను. ఫిల్లర్ పని చూడండి. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్ట మోసుకెళ్లి టబ్బులో పోయాలి. కూలి పీస్ రేటు. ఆ పూట టబ్బులు సరిగా అందకపోతే, టబ్బుల్ని లాగే హాలేజీ తాడు తెగితే, పైకప్పు పెచ్చులు రాలుతుంటే అతని కూలి పడిపోతుంది. ఆ కారణాల్లో ఒక్కటీ అతని చేతిలో ఉండదు. బాయి (గని) పైకొచ్చి ఎవరిని అడగాలి? పదుల సంఖ్యలో సంఘాలు, ఎవరి మాట ఎవరికీ పట్టదు. అందుకే ఏ బాయికా బాయి, ఒక్కోసారి ఏ షిఫ్టుకా షిఫ్టు పని ఆపేసేది. మన పాఠ్యపుస్తకాల్లో సమ్మెను క్రమశిక్షణ అధ్యాయంలో పెడతారు. ఇక్కడ అది సమాచారం అధ్యాయంలో ఉండాల్సింది. కింద ఏం జరుగుతోందో పైకి చెప్పడానికి మిగిలిన ఒకే ఒక్క దారి అది.

శిక్షతో దారికి తేవాలన్న ప్రయత్నమూ జరిగింది. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన తెస్తే, దానికి వ్యతిరేకంగా 1981లో 56 రోజులు గనులు మూతపడ్డాయి. ఈ సంగతిని యువ మేనేజర్లు తప్పకుండా చదవాలని నా కోరిక.

1990ల చివర్లో వచ్చిన మార్పులో ఎన్నో పాయలున్నాయి. ప్రభుత్వాలు అప్పుల భారం తగ్గించాయి. ఓపెన్‌కాస్టు గనులు పెరిగాయి. తట్టల చోటికి బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. 2000 జనవరి నుంచి బొగ్గు ధర మీద ప్రభుత్వ నియంత్రణ పూర్తిగా పోయింది. ఇవన్నీ నివేదికల్లో ఉంటాయి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవి మాత్రం రెండు చిన్న పనులు.

మొదటిది, లెక్క చెప్పడం. అన్ని విభాగాల అధికారులతో బృందాలు కట్టి బాయిల మీదికి పంపారు. టన్ను బొగ్గు తీయడానికి ఎంత ఖర్చవుతోంది, ఎంతకు అమ్ముతున్నాం, మీ బాయి లాభంలో ఉందా నష్టంలో ఉందా అన్నది కార్మికుల ముందు పెట్టారు. అంతవరకూ ఆ అంకెలు కొత్తగూడెం హెడ్డాఫీసు గోడలు దాటి ఎరగవు. దీన్ని కేవలం ప్రచారం అన్నవాళ్లున్నారు. ప్రచారమైతే ఒక ఏడాదిలో అరిగిపోయేది. తన బాయి నష్టం ఎంతో తెలిసిన మనిషి, ఆ నష్టంలో డీజిల్ వాటా ఎంత, ఆఫీసర్ల బంగళాల వాటా ఎంత అని తిరిగి అడుగుతాడు. లెక్క చెప్పినవాడు ఆ ప్రశ్నకూ జవాబు చెప్పాలి. అసలు బలం అక్కడుంది.

రెండోది, 1998లో రహస్య బ్యాలెట్‌తో జరిగిన గుర్తింపు సంఘం ఎన్నిక. ఏఐటీయూసీ గెలిచింది. ఎవరు గెలిచారన్నదాని కంటే, మాట్లాడడానికీ మాట ఇవ్వడానికీ ఒక మనిషి దొరకడం ముఖ్యం. 2023 డిసెంబరులో ఏడోసారి ఎన్నిక జరిగింది. గెలిచిన సంఘాలు మారుతూ వచ్చాయి, పద్ధతి మాత్రం నిలిచింది. 1997-98 నుంచి కంపెనీ లాభాల బాట పట్టింది. తర్వాత లాభంలో వాటా కార్మికులకు పంచడం ఆనవాయితీ అయింది. దసరా ముందు ఈసారి ఎంత శాతం ఇస్తారన్నది గోదావరిఖని హోటళ్లలో పెద్ద చర్చ. అది డబ్బు గురించిన చర్చే, కానీ కంపెనీ బ్యాలెన్స్ షీటు గురించిన చర్చ కూడా.

ఇక్కడితో ఆపేస్తే మాస్టారు ఊరుకునేవారు కాదు. 2023-24లో సింగరేణి ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది. పర్మనెంటు ఉద్యోగులు సుమారు నలభై వేలు. మిగిలిన ఉద్యోగాలు ఏమయ్యాయి? స్వచ్ఛంద విరమణలో కొన్ని, రిటైర్మెంట్లతో కొన్ని కరిగిపోయాయి. వేలమంది కాంట్రాక్టు మనుషులుగా అదే గని దగ్గర, తక్కువ జీతానికి పనిచేస్తున్నారు. తండ్రి బాయిలో దిగితే కొడుకు దిగుతాడన్నది ఆ ఊళ్లలో రాయని ఒప్పందం. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల రూపంలో కొంత దారి తెరిచారు. చట్టం దృష్టిలో కోర్టు మాట సరైనదే కావచ్చు. కానీ ఊపిరితిత్తుల్లో బొగ్గు నింపుకున్న మనిషికి ఆ ఉద్యోగం ఒక హామీ. దాన్ని తీసేసేటప్పుడు ఆ చోట్లో ఏం పెడుతున్నామో చెప్పిన వ్యూహ పత్రం నేనింతవరకు చూడలేదు. కంపెనీ నిలబడింది, అందుకు నేను సంతోషిస్తాను. దాని ఖర్చులో పెద్ద భాగం ఉద్యోగం రాని రెండో తరం భరించిందని కూడా అంతే గట్టిగా చెబుతాను.

ఇప్పుడు మళ్లీ గాలి మారుతోంది. బొగ్గు బ్లాకులు వేలంలోకి వచ్చాయి. జైపూర్‌లో 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నడుస్తోంది. ఒకప్పుడు బొగ్గు తప్ప మరో మాట లేని కంపెనీ సౌర ఫలకాలు పరుస్తోంది. ఒడిశాలోని అంగుల్ జిల్లాలో నైని గని 2025లో మొదలైంది. గోదావరి లోయ దాటి కంపెనీ వేసిన అడుగు అది. అక్కడ భూమి ఇచ్చినవాళ్ల పిల్లలు ఒడియా మాట్లాడతారు. గోదావరిఖని అనుభవం వాళ్లది కాదు, 1990ల జ్ఞాపకం వాళ్లకు లేదు. ఈ సభలో సింగరేణి అధికారులు కొందరున్నారు కాబట్టి వాళ్లనే అడుగుతున్నాను: నైనిలో టన్ను బొగ్గు ఖర్చెంతో ఆ ఊళ్లవాళ్లకు ఒడియాలో చెప్పడానికి మీ బృందం తయారైందా?